కుక్కపిల్లకు ఏ టీకా, గోమార్లకు ఏ మందు: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆపాలి

మా కింది ఫ్లాట్ కుర్రాడు బీగిల్ పిల్లను తెచ్చుకుని వారం కాకముందే మూడు చీటీలు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. ఒక క్లినిక్‌లో సెవెన్ ఇన్ వన్ టీకా రాశారు. ఇంకో చోట నైన్ ఇన్ వన్ అయితే మంచిదన్నారు. పెట్ షాపులో టీకాల సంగతి తర్వాత, ముందు ఇమ్యూనిటీ సిరప్ మొదలుపెట్టమన్నారు. "అన్నా, అన్నీ కొంటే జీతంలో పెద్ద ముక్కే పోతుంది. ఏది కొనాలి, ఏది వదిలేయాలి?" అని అడిగాడు.

ఇరవై ఏళ్లలో మూడు కుక్కల్ని పెంచాను. వాటి మందులకు పెట్టిన ఖర్చులో చాలా భాగం అనవసరంగా పెట్టిందే. పెట్టాల్సిన చోట మాత్రం ఒకసారి వెనకాడి కుక్క ప్రాణం మీదికి తెచ్చాను. నేను పశువైద్యుణ్ణి కాదు, డోసు మీ డాక్టరుగారే చెప్పాలి. కానీ ఆయన ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. అందుకే ఆ కుర్రాడికి చెప్పిందే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

సెవెనా, నైనా?

ముందు ఈ అంకెల సంగతి. ఏడు అంటే ఏడు జబ్బులు, తొమ్మిది అంటే ఇంకో రెండు ఎక్కువ అనుకుంటాం. ఆ లెక్క అంత నికరమైనది కాదు. డిస్టెంపర్, పార్వో, కుక్కల హెపటైటిస్, అడినోవైరస్ వల్ల వచ్చే దగ్గు, పారాఇన్‌ఫ్లుయెంజా కలిపి ఐదు. వీటికి లెప్టోస్పైరోసిస్ బ్యాక్టీరియా రకాలు రెండు చేరిస్తే ఏడు. ఇందులో హెపటైటిస్‌ను, ఆ దగ్గును ఆపేది సీసాలో ఉన్న ఒకే వైరస్, అడినోవైరస్-2. పని రెండు చోట్ల చేస్తుంది కాబట్టి రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. లెప్టో రకాలు పెంచి, కరోనా ఒకటి తగిలించి తొమ్మిది, పది అంటారు. కాబట్టి కౌంటర్ దగ్గర "ఎన్ని ఇన్ వన్" అని కాదు, "ఇందులో ఏమేం ఉన్నాయి" అని అడగండి. సీసా లేబుల్ మీద పేర్లన్నీ ఉంటాయి.

ఆ కరోనా మనల్ని ఇళ్లల్లో కూర్చోబెట్టిన కరోనా కాదు. కుక్కల పేగులకు సోకి, ఎక్కువగా కూనల్లో, మామూలు విరేచనాలు తెప్పించి పోయే వేరే రకం. పెంపుడు జంతువుల వైద్యుల ప్రపంచ సంఘం వాసావా ఇచ్చే మార్గదర్శకాలు ఈ కరోనా టీకాను సిఫార్సు చేయవు. అది ఉంటే నష్టం లేదు, కానీ దానికోసం ఎక్కువ డబ్బు ఇవ్వక్కర్లేదు. తొమ్మిదిలో అదనంగా ఉన్నవి లెప్టో రకాలైతే మాత్రం ఆ మాట వేరు.

లెప్టో ఎలుకల మూత్రం ద్వారా వస్తుంది. కాలువలు పొంగి, సెల్లార్లో నీళ్లు నిలిచి, ఎలుకలు బయటికొచ్చే వానాకాలమే దాని సీజన్. కుక్క ఆ నీళ్లలో నడిచినా, గతికినా చాలు. కామెర్లు, కిడ్నీ దెబ్బతినడం దాకా పోతుంది, పైగా కుక్క నుంచి మనుషులకూ సోకుతుంది. పాత టీకాల్లో రెండు రకాలే ఉండేవి, ఇప్పుడు నాలుగు రకాలవి దొరుకుతున్నాయి. విజయవాడ, కాకినాడ లాంటి కాలువల ఊళ్లలోనూ, హైదరాబాద్‌లో వాన పడితే మునిగే కాలనీల్లోనూ ఉండేవాళ్లకు నా ఓటు నాలుగు రకాల దానికే. వైరస్ టీకాల్లా దీని బలం ఏళ్ల తరబడి ఉండదు. మొదట రెండు నుంచి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, ఆ తర్వాత ఏటా ఒకటి. వానలకు ముందు వేయించుకుంటే మేలు.

అసలు భయపడాల్సింది పార్వోకీ డిస్టెంపర్‌కీ. పార్వో 1978 ప్రాంతంలో బయటపడి, రెండేళ్లు తిరక్కుండానే ప్రపంచమంతా పాకింది. పిల్ల ముందు తిండి మానేస్తుంది, తర్వాత వాంతులు, ఆ తర్వాత ముక్కు బద్దలయ్యే వాసనతో రక్త విరేచనాలు. ఈ వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది. ఫినాయిల్‌తో ఎంత తుడిచినా నమ్మకం లేదు. బ్లీచ్ ద్రవం ఒక పాలుకు నీళ్లు ముప్పై పాళ్లు కలిపి, నేలను ముందు శుభ్రంగా కడిగి, ఆ తర్వాత దీన్ని పోసి పది నిమిషాలు తడిగా వదలాలి. వైరస్ మన చెప్పులతో కూడా ఇంట్లోకి వస్తుంది, కాబట్టి "మా పిల్ల గడప దాటదండీ" అనే వాదన ఇక్కడ పనికిరాదు. డిస్టెంపర్ అయితే జలుబు, కళ్లలో పుసి, దగ్గుతో మొదలై మూర్ఛల దాకా తీసుకెళ్తుంది. 2018లో గుజరాత్ గిర్ అడవిలో సింహాలు వరసగా చనిపోయినప్పుడు వాటిలో కొన్నింటిలో ఈ వైరస్ దొరికింది. సింహాన్నే పడగొట్టేది మన పగ్‌ను వదులుతుందా?

ఆఖరి డోసు ఎప్పుడు అన్నదే అసలు ప్రశ్న

బ్రాండ్ ఏదన్న దానికంటే తేదీ ముఖ్యం. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. పిల్లకు తల్లి ముర్రుపాల నుంచి కొంత రక్షణ వస్తుంది. ఆ రక్షణ ఉన్నంతకాలం టీకా వేసినా అది టీకాను పనిచేయనివ్వదు. అది ఎప్పుడు తగ్గుతుందో పిల్లను బట్టి మారుతుంది, ఒకదానికి ఎనిమిది వారాలకు, ఇంకోదానికి పదిహేను వారాలకు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేస్తూ పోవాలి. ఆఖరిది పదహారు వారాలు నిండాకే పడాలి. పన్నెండు వారాలకే "కోర్సు అయిపోయింది" అని కార్డు చేతికిస్తే, ఇంకొకటి కావాలని మీరే అడగండి.

మా బాబాయి వాళ్ల పగ్ అలాగే పోయింది. అమ్మినవాళ్లు ఇచ్చిన కార్డులో మూడు సంతకాలున్నాయి, ఒక్క స్టిక్కర్ లేదు. నాలుగో నెలలో పార్వో వచ్చింది. మూడు రోజులు సెలైన్ ఎక్కించినా నిలవలేదు. టీకా సీసా మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న స్టిక్కర్ ఉంటుంది. దాన్ని ఒలిచి కార్డులో అతికించాలి. స్టిక్కర్ లేని టీకా వేయనట్టే లెక్కేసుకుని డాక్టరుగారితో మళ్లీ మొదటి నుంచి మాట్లాడండి. ఒక డోసు ఎక్కువ పడితే వచ్చే ఇబ్బంది కంటే పడకపోతే వచ్చే ముప్పు చాలా పెద్దది.

మరి ఆరు వారాల వయసులో వేసే పప్పీ డీపీ కావాలా? అందులో డిస్టెంపర్, పార్వో రెండే ఉంటాయి. పిల్ల చుట్టూ వేరే కుక్కలు ఉంటేనో, ఆ ఇంట్లో అంతకుముందు పార్వో వచ్చి ఉంటేనో తప్పకుండా వేయించండి. ఎనిమిది వారాలు దాటాక తెచ్చుకున్న పిల్లకు నేరుగా పెద్ద టీకాతో మొదలుపెట్టొచ్చు.

పెద్దయ్యాక ఏటా అన్నీ వేయించాలా అన్నది ఇంకో వాదన. ఆరు నెలలకో ఏడాదికో వేసే బూస్టర్ తర్వాత పార్వో, డిస్టెంపర్, హెపటైటిస్ భాగాన్ని మూడేళ్లకోసారి వేస్తే చాలని వాసావా అంటుంది. మన దగ్గర చాలా క్లినిక్‌లు మొత్తం టీకాను ఏటా వేస్తాయి. లెప్టో విడిగా అన్ని చోట్లా దొరకదు, కలిపి ఉన్నదే దొరుకుతుంది, అందుకే ఆ అలవాటు నిలిచింది. మీ డాక్టరుగారి దగ్గర లెప్టో విడిగా ఉంటే మూడేళ్ల పద్ధతి అడిగి చూడండి. లేకపోతే ఏటా వేయించండి, గొడవపడేంత విషయం కాదు.

రేబిస్ దగ్గర ఎంపికే లేదు. మూడు నెలలు నిండాక మొదటిది, తర్వాత బూస్టర్, ఆ తర్వాత ఏటా. కొన్ని బ్రాండ్ల మీద మూడేళ్లు అని ఉన్నా, వీధి కుక్కలు ఇంతగా ఉన్న మన ఊళ్లలో నేను ఏటా వేయిస్తాను. మున్సిపాలిటీ లైసెన్సుకూ తాజా సర్టిఫికెట్ కావాలి. దిగుమతి చేసిన సీసానా, హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారుచేసే రక్షారాబ్‌నా అని అడుగుతుంటారు. రెండూ చంపిన వైరస్‌తో చేసినవే. తేడా చూడాల్సింది ఫ్రిజ్ దగ్గర. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచని టీకా ఎంత ఖరీదైనదైనా నీళ్లతో సమానం. కరెంటు పోతే ఫ్రిజ్‌కు బ్యాకప్ ఉందా అని అడగడానికి మొహమాటపడకండి.

డబ్బు ఇబ్బందైతే జూలై 6 గుర్తుపెట్టుకోండి. 1885లో అదే రోజు లూయీ పాశ్చర్ తొలిసారి ఒక పిల్లవాడికి రేబిస్ టీకా ఇచ్చాడు. దాని గుర్తుగా ప్రపంచ జూనోసిస్ దినం జరుపుతారు, మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఆ రోజు కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లేటప్పుడు కుక్కను కూడా తీసుకెళ్దాం అనుకునేవాళ్లకు ఒక మాట. అక్కడి నిబంధన ప్రకారం మైక్రోచిప్ ముందు, రేబిస్ టీకా తర్వాత. వరస తారుమారైతే ఆ టీకా లెక్కలోకి రాదు, మళ్లీ వేయించాలి.

గోమార్లు: నేను తప్పు చేసిన చోటు

టీకాలకు ఒక తేదీ, ఒక కార్డు ఉంటాయి. గోమార్ల పోరు మాత్రం ఏడాది పొడవునా ఉంటుంది. మన వేడికి, తేమకి అవి పోయే కాలమంటూ లేదు. కొందరు పిడుదులంటారు, క్లినిక్‌లో టిక్స్ అంటారు. అసహ్యం సంగతి అలా ఉంచండి, వాటి కాటుతో ఎర్లికియా, బాబీసియా లాంటి క్రిములు రక్తంలోకి పోతాయి. అదే టిక్ ఫీవర్. దానికి మనం వేయించుకోగల టీకా లేదు. గోమార్లను ఆపడమే టీకా.

మా నాటు కుక్కకు నాలుగేళ్లప్పుడు నేను షాంపూతో, చేతి ఏరివేతతో సరిపెట్టుకున్నాను. నెలనెలా మందు ఖర్చు ఎందుకులే అనుకున్నాను. ఒక వేసవిలో రెండు రోజులు తినలేదు, ఒళ్లు కాలిపోయింది, మూడో రోజు ముక్కు నుంచి రక్తం. ప్లేట్‌లెట్లు అడుగంటాయి. నాలుగు వారాలు డాక్సీసైక్లిన్ మాత్రలు, మధ్యమధ్య రక్త పరీక్షలు. బతికింది. ఆ బిల్లుతో ఎన్ని ఏళ్ల మందు వచ్చేదో లెక్కేయడం మానేశాను. చిగుళ్లు తెల్లబారినా, మూత్రం కాఫీ రంగులోకి మారినా, జ్వరంతో తిండి మానేసినా రేపటికి ఆగకుండా రక్త పరీక్ష చేయించండి.

ఇక మందుల్లో దేన్ని ఎంచుకోవాలి?

పౌడర్లు, షాంపూలు ఇవాళ ఉన్నవాటిని చంపుతాయి, రేపు ఎక్కేవాటిని ఆపవు. పెళ్లికి ముందు రోజు ఇల్లు ఊడ్చినట్టు, ఒక పూట పని. మెడ మీద వేసే చుక్కల మందు, అంటే ఫిప్రోనిల్ ఉన్న ఫ్రంట్‌లైన్ లాంటివి, నెలకోసారి. చర్మం మీది నూనెలో పాకి పనిచేస్తుంది కాబట్టి వేయడానికి రెండు రోజుల ముందూ, రెండు రోజుల తర్వాతా స్నానం చేయించకూడదు. వెంట్రుకల మీద కాదు, వెంట్రుకలు చీల్చి చర్మం మీద పడాలి. ప్రతి ఆదివారం కుక్కను రుద్ది రుద్ది కడిగే ఇళ్లలో దీని ఫలితం సగమే. ధర తక్కువ, చిన్న కూనలకూ వాడొచ్చు, మాత్ర అంటే పారిపోయే కుక్కలకు నయం.

కాలర్లలో ఇమిడాక్లోప్రిడ్, ఫ్లుమెత్రిన్ కలిపిన సెరెస్టో లాంటిది ఎనిమిది నెలలదాకా పనిచేస్తుంది. మొదట గట్టిగా కొడుతుంది ఖర్చు, నెలకు పంచితే తక్కువే. చర్మానికి తగిలేలా, రెండు వేళ్లు దూరేంత సందుతో కట్టాలి. కుక్క మెడ పట్టుకుని నిద్రపోయే చంటిపిల్లలున్న ఇంటికి నేను సలహా ఇవ్వను. ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఇంకో జాగ్రత్త: పెర్మెత్రిన్ ఉన్న కుక్కల మందు పిల్లికి విషం. కుక్కను నాకినా ప్రమాదమే. కొనేముందు లేబుల్ చదవండి.

నమిలే మాత్రలు ఈ మధ్య వచ్చిన పెద్ద మార్పు. అఫోక్సోలనర్ ఉన్న నెక్స్‌గార్డ్, సరోలనర్ ఉన్న సింపారికా నెలకొకటి. ఫ్లురాలనర్ ఉన్న బ్రావెక్టో పన్నెండు వారాలకొకటి. గోమారి కరిస్తేనే మందు దాని ఒంట్లోకి పోతుంది, అంటే కుక్క మీద ఒకటీ అరా కనిపించడం మామూలే, ఎండిపోయి రాలిపోతాయి. స్నానాలతో సంబంధం లేదు. వారంవారం స్నానం చేసే, చెరువులో దూకే, చిన్నపిల్లలతో దొర్లే కుక్కకు నా మొదటి ఓటు వీటికే. ఒక్క మినహాయింపు, మూర్ఛలు వచ్చిన చరిత్ర ఉన్న కుక్క. ఈ తరగతి మందులతో కొన్ని కుక్కల్లో వణుకు, ఫిట్స్ వచ్చాయని 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. అలాంటి కుక్కకు చుక్కల మందో, కాలరో చూసుకోవడం మేలు.

నెల మాత్రా, మూడు నెలల మాత్రా? మరిచిపోయే ఇంటికి మూడు నెలలది. కూనలకు నెలది, ఎందుకంటే బరువు నెలనెలా మారిపోతుంది. ధర పోల్చేటప్పుడు ఇంకో చిక్కుంది, అది దుకాణంలో ఎవరూ చెప్పరు. మాత్రలు బరువుల శ్రేణుల్లో వస్తాయి, ఆ శ్రేణులు బ్రాండ్‌కొకలా ఉంటాయి. 22 కిలోల కుక్కకు నెక్స్‌గార్డ్‌లో పది నుంచి ఇరవై ఐదు కిలోల మాత్ర సరిపోతుంది. బ్రావెక్టోలో అదే కుక్క ఇరవై నుంచి నలభై కిలోల మాత్రకు పోతుంది. మీ కుక్క బరువు ఏ గీతకు ఏ పక్కన పడిందో చూసి, పన్నెండు వారాల ఖర్చు ఎంతో లెక్కేస్తే తేడా తెలుస్తుంది. పెద్ద మాత్ర కొని సగం చేసి రెండు కుక్కలకు పెట్టే తెలివి మాత్రం వద్దు, మందు మాత్రంతటా సమానంగా ఉంటుందన్న హామీ లేదు.

అమిట్రాజ్ నీళ్లలో కలిపి ఒళ్లంతా తడిపే పద్ధతి ఇంకా ఉంది. చవక, పనిచేస్తుంది, కానీ పాలు ఎక్కువైతే కుక్క మత్తుగా కూలబడుతుంది. కూన పిల్లలకూ, షుగరు ఉన్న కుక్కలకూ వద్దు. డాక్టరు పర్యవేక్షణలో తప్ప నేను ముట్టను. పల్లెల్లో గేదెలకు కొట్టే బ్యూటాక్స్‌నే కుక్కకూ పూసేస్తుంటారు. అది పశువుల లెక్కకు చేసిన గాఢమైన మందు, కుక్క ఒళ్లు నాక్కుంటుంది. కిరోసిన్ సంగతి చెప్పక్కర్లేదు. ఐవర్‌మెక్టిన్ సూది "ఒక్కదానితో అన్నీ పోతాయి" అంటారు, గోమార్లకు అది నమ్మదగ్గ మందు కాదు, కోలీ జాతి కుక్కలకైతే ప్రాణాంతకం కూడా.

ఏ మందు వాడినా ఇల్లు వదిలేస్తే దండగే. కుక్క మీద కనిపించేవి మొత్తంలో కొద్ది భాగమే. కడుపు నిండిన ఆడ గోమారి కిందికి దిగి గోడ పగుళ్లలో, తలుపు చట్రాల వెనక వేలకొద్దీ గుడ్లు పెట్టి చస్తుంది. అందుకే "మందు వేశాం, వారానికే మళ్లీ వచ్చాయి" అంటారు. అవి మళ్లీ వచ్చినవి కావు, ఇంట్లోనే పుట్టినవి. కనీసం మూడు నెలలు విడవకుండా మందు కొనసాగించాలి, పగుళ్లు సిమెంటుతో పూడ్చాలి, కుక్క గుడ్డలు వేడినీళ్లలో ఉతకాలి. స్ప్రే కొట్టిస్తే నేల ఆరేదాకా కుక్కను బయట ఉంచాలి. చేత్తో తీసేటప్పుడు పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నెమ్మదిగా లాగండి, గోళ్లతో చిదమకండి.

నట్టల మందు

నట్టలంటే కడుపులో పురుగులు. వీటి మందులో తికమక తక్కువ. కూనకు రెండు వారాల నుంచి ఎనిమిది వారాలదాకా పక్షానికోసారి, ఆరు నెలలదాకా నెలకోసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి. ఒంటి బరువును బట్టి. మలద్వారం దగ్గర బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే అది బద్దెపురుగు, ప్రాజిక్వాంటెల్ ఉన్న మందు కావాలి, ఉత్త సిరప్‌తో పోదు. ఇంట్లో మట్టిలో ఆడే పిల్లలుంటే ఈ తేదీలు తప్పకండి, కుక్క గుండ్రపురుగుల గుడ్లు పిల్లల కడుపులోకి కూడా పోతాయి.

ఎక్కడ వేయించాలి

ప్రభుత్వ పశువుల ఆసుపత్రిలో ఖర్చు దాదాపు ఉండదు, రేబిస్ టీకాకు, నట్టల మందుకు అది చాలు. కలిపి వేసే టీకా అన్ని చోట్లా స్టాక్ ఉండదు, బయట కొనుక్కు రమ్మంటారు. అప్పుడు ఐస్‌ప్యాక్ ఉన్న డబ్బాలోనే తీసుకెళ్లండి. జబ్బు ముదిరి నాలుగు పరీక్షలు కావాల్సొస్తే వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులు ఉన్నాయి: రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం. హైదరాబాద్‌లో నారాయణగూడ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి కూడా ఉంది. వేచి ఉండాలి, కానీ ఒకే చోట చాలామంది నిపుణులు ఉంటారు. ప్రైవేటు క్లినిక్‌లో సమయం కలిసొస్తుంది, అర్ధరాత్రి ఫోన్ ఎత్తే డాక్టరు దొరికితే ఆ ఫీజుకు వంక పెట్టకండి. టీకాల కోర్సు పూర్తికాని కూనకు ఇంటికొచ్చి వేసేవాళ్లే నయం, ఎందుకంటే పార్వో కుక్కలు కూర్చునే బెంచీ కింద మన పిల్ల పాకదు. వచ్చినవాళ్లు డిగ్రీ ఉన్న డాక్టరేనా, సీసా ఐస్‌లోంచి తీశారా అన్నవి మాత్రం చూసుకోండి.

అన్నీ కొనే స్తోమత లేనప్పుడు నా వరస ఇది. రేబిస్, పార్వో-డిస్టెంపర్ టీకాలు ముందు. దాని వెంటనే గోమార్ల మందు. తర్వాత నట్టల మందు. ఆపైన లెప్టో, వానలకు మునిగే ప్రాంతమైతే దీన్ని గోమార్ల మందుతో సమానంగా పైకి జరపండి. కుక్కల హాస్టల్‌లో వదిలేదానికి కెన్నెల్ కాఫ్, అంటే కుక్కల అంటుదగ్గు టీకా చూడొచ్చు, ఇంట్లోనే ఉండేదానికి అక్కర్లేదు. ఇమ్యూనిటీ సిరప్, కాల్షియం టానిక్, సువాసన షాంపూ అన్నీ చివర, చాలాసార్లు అసలే వద్దు.

కుర్రాడు అన్నీ విని సిరప్ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. పదహారు వారాలు నిండే తేదీని ఫోన్‌లో వేసుకున్నాడు. గోమార్లకు నెల మాత్రే తీసుకుంటానన్నాడు. బరువెంత అని అడిగితే "మూడున్నర ఉండొచ్చు" అన్నాడు. కుక్కను ఎత్తుకుని మా వెయింగ్ మెషీన్ మీద నిలబడమన్నాను, తర్వాత ఒక్కణ్ణే నిలబడమన్నాను. తీసివేస్తే 4.3 కిలోలు. తను కొనబోయిన చిన్న మాత్ర నాలుగు కిలోలకే ఆగిపోతుంది.